ఎడమవైపు బ్రేకు

జగ్గయ్యపేట నుంచి నందిగామ దాకా కారును వెనక గేరులో నడుపుకుంటూ వెళ్ళిన మనిషి ఈ మెట్ట ప్రాంతం మొత్తం మీద ఒక్కడే ఉన్నాడు. పేరు జాన్‌బాషా. ముందుకు వెళ్ళే గేర్లు నాలుగూ మొరాయించి రివర్సు ఒక్కటే పడుతుంటే, మెడ వెనక్కి తిప్పి, ఎడం చెయ్యి పక్క సీటు మీద వేసి, సిమెంటు లారీల మధ్య నుంచి పెళ్ళి ఊరేగింపులా తీసుకెళ్ళాడు. ఎదురుగా వచ్చిన బస్సు డ్రైవరు ఈ బండి వస్తోందో పోతోందో తేల్చుకోలేక బస్సు పక్కకు తీసి ఆపేసుకున్నాడు. నమ్మకం లేనివాళ్ళు సాంబయ్య టీ కొట్టు దగ్గర అడగవచ్చు. అక్కడ ఈ సంగతి చెప్పనివాడు లేడు.

అంతటి జాన్‌బాషా ఆ మంగళవారం ఉదయం ఆరుంబావుకి తన కారును షెడ్డులోంచి చేతులతో తోస్తున్నాడు.

తొయ్యడానికి అతనికి ఒక పద్ధతి ఉంది. డ్రైవరు వైపు తలుపు తెరిచి, ఎడం చెయ్యి లోపలికి పెట్టి స్టీరింగు పట్టుకుంటాడు. కుడి భుజం తలుపు పక్కనున్న ఇనప పట్టీకి ఆనిస్తాడు. కాళ్ళు బార్లా చాపి, ఊపిరి బిగించి ఒక్క తోపు. షెడ్డు గడప దిగితే సందు కొంచెం పల్లం కాబట్టి ఆపైన బండి దానంతట అదే దొర్లుతుంది. అతను పక్కన నడుస్తాడు, దూడను తోలుకెళ్ళినట్టు.

"ఏం మాస్టారూ, బండి ఇంకా నిద్ర లేవలేదా?" అన్నాడు ఎదురుగా టీ కాచుకుంటున్న సాంబయ్య.

"షెడ్డులో స్టార్టు చేస్తే ఇంజను దుమ్ము పీల్చుద్ది సాంబయ్యా. రోడ్డెక్కాకే చెయ్యాల."

"పదమూడు నెలల్నించీ అదే దుమ్మా?"

జాన్‌బాషా జేబులోంచి పసుపు గుడ్డ తీసి ముందు అద్దం తుడవడం మొదలుపెట్టాడు. సాంబయ్య ఆపైన రెట్టించలేదు. సందులో అందరికీ తెలిసిన సంగతే అది. ఏ సాయంత్రమైనా ఆఖరి స్టూడెంటు కారు తెచ్చి షెడ్డు ముందు ఆపి వెళ్ళిపోతే, సాంబయ్యే వచ్చి వెనక చెయ్యి వేసి లోపలికి తోస్తాడు. ఎందుకని అడగడు.

కారు పాతది, తెల్ల మారుతి. నెత్తి మీద 'బాషా డ్రైవింగ్ స్కూల్' అని రేకు బోర్డు. ముందూ వెనకా ఎర్రటి ఎల్ అక్షరం. ఎడమవైపు వెనక తలుపు మాత్రం మిగతా బండి కంటే ఎక్కువ తెల్లగా, ముసలాయనకు కొత్తగా కట్టించిన పన్నులా కనిపిస్తుంది. మామూలు కార్లకు లేనిది ఈ కారుకు ఇంకొకటి ఉంది: ఎడమ పక్క సీటు ముందు కూడా ఒక బ్రేకు, ఒక క్లచ్. నేర్చుకునేవాళ్ళు కుడివైపు కూచుని కంగారు పడితే నేర్పేవాడు ఎడమవైపు నుంచి తొక్కుతాడు. పద్దెనిమిదేళ్ళుగా ఆ ఎడమ సీటు జాన్‌బాషాది. పొడుగాటి మనిషి కావడంతో మోకాళ్ళు డాష్‌బోర్డుకు తగులుతుంటాయి. కుడి పక్కకు తిరిగి మాట్లాడి మాట్లాడి మెడ ఆ వైపుకే కాస్త ఒరిగి ఉండిపోయింది. మసీదులో నిలబడ్డా, టీ కొట్టులో కూచున్నా, పక్కన కనపడని ఎవరికో స్టీరింగు తిప్పడం నేర్పుతున్నట్టే ఉంటాడు. యాభై ఆరేళ్ళకు గడ్డం నెరిసింది గాని కళ్ళు ఇంకా రోడ్డు చివరి దాకా చూస్తాయి.

గడపలో ఎత్తు పీట మీద కూచుని కరీమాబీ ఉల్లిపాయలు ఒలుస్తోంది. ఎడమ కాలు తిన్నగా చాపి ఉంది. పక్కన గోడకు చేతికర్ర. భోజనం బాక్సు ఎప్పుడో కట్టి పెట్టింది.

"ఏవయ్యా, శుక్రవారం అనీసా నిఖా. ఏం ఆలోచించావు?"

అనీసా ఆమె చెల్లెలి కూతురు. చెల్లెలిది నందిగామ.

"దేవరాజ్ బండి మాట్లాడతాలే. మంచి బండి, ఏసీ కూడా ఉంది."

"దేవరాజ్ బండిలో దేవరాజ్ పెళ్ళాం ఎక్కుద్ది. నేనెందుకు ఎక్కుతా?"

"పోనీ మన స్టూడెంటు ఒకణ్ణి పిలుస్తా. బాగా చేయి తిరిగినవాణ్ణి."

"పెళ్ళికి ఎల్ బోర్డు పెట్టుకుని పోదామంటావు." ఆమె ఉల్లిపాయ పొట్టు ఊది పారేసింది. "బస్సు మెట్లు ఎక్కలేను. ఆటో కుదుపుకి కాల్లో రాడ్డు లాగుద్ది. నువ్వు నడిపితే వస్తా. లేకపోతే ఈ పీట మీద కూచునే పిల్లకి దువా చేస్తా. అల్లాకి ఇక్కణ్ణించైనా వినపడుద్ది."

ఆ మాటలో కోపం లేదు. జాన్‌బాషా మళ్ళీ అద్దం తుడిచాడు.

పదమూడు నెలల కిందట ఒక ఆదివారం సాయంత్రం ఇద్దరూ నందిగామలో ఆ చెల్లెలి ఇంటి నుంచే వస్తున్నారు. బండి అతను నడుపుతున్నాడు. ముందు ఎడమ సీటులో కూచుంటానని కరీమాబీ ఎప్పుడడిగినా అతను ఒప్పుకునేవాడు కాదు. "అది మాస్టారి సీటు. అక్కడ కూచుంటే నీ కాలు ఊరుకోదు" అని నవ్వుతూ వెనక ఎక్కించేవాడు. ఆ రోజూ వెనకే కూచుంది, ఎడమ పక్క, ఒళ్ళో పచ్చి మామిడికాయల సంచితో. చిల్లకల్లు అడ్డరోడ్డు దగ్గరకు వస్తుండగా అతను "వక్కపొడి ఉందా" అని చెయ్యి వెనక్కి చాపాడు. ఆమె పొట్లం విప్పుతోంది. అతను తల తిప్పి చూశాడు. ఎంతసేపు చూశాడో ఇప్పటికీ చెప్పలేడు. తిరిగేసరికి మిర్చి బస్తాల ట్రాక్టరు నడిరోడ్డున ఆగి ఉంది. స్టీరింగు కుడికి కోశాడు. బండి ముక్కు తప్పించుకుంది. ఎడమ పక్క వెనక తలుపు ట్రాక్టరు వెనకున్న ట్రక్కు మూలకు తగిలింది. కరీమాబీ కాలు మోకాలి కింద రెండు ముక్కలైంది.

జాన్‌బాషాకు గీత కూడా పడలేదు. అదే అతను మింగలేకపోయింది. చిన్న దెబ్బ తగిలి ఉన్నా దాన్ని చూసుకుంటూ బతికేవాడు. పద్దెనిమిదేళ్ళలో ఎంతమందికి 'రోడ్డు చూడు, రోడ్డు చూడు' అని గొంతు పోయేలా చెప్పాడో లెక్క లేదు. బండి బాగై వచ్చిన రోజు కుడి తలుపు తీసి సీటులో కూచోబోయాడు. చేతులు స్టీరింగు దాకా వెళ్ళి ఆగిపోయాయి, అది కాగిన పెనం అయినట్టు. దిగిపోయాడు. ఆ రోజు నుంచి ఎడమ సీటు తప్ప ఎక్కలేదు. ఎవరైనా అడిగితే, నేర్పేవాడు నడిపే సీటులో కూచుంటే స్టూడెంట్లకు భయం పోదని ఏదో సూత్రం చెప్పేవాడు. ఆ సూత్రం ఏ పుస్తకంలోనూ లేదు.

ఆరున్నరకు బాలాత్రిపురసుందరి టీచరు వచ్చింది. పేరు అంత పొడుగు గాని మనిషి నాలుగడుగుల పది అంగుళాలు. యాభై ఏడేళ్ళు. ముప్పై ఒక్క ఏళ్ళుగా మూడో తరగతికి పాఠాలు చెబుతోంది. భర్త రామచంద్రమూర్తికి కంటిచూపు మందగించాక ఇంట్లో కారు కవరు కప్పుకుని పడుకుంది. ఈలోగా ఆమెకు మైలవరం బదిలీ అయింది. సామానూ, మూర్తిగారూ, కారూ అన్నీ అక్కడి అద్దె ఇంటికి చేరాయి. మిగిలింది ఆమె, ఆమె లైసెన్సు. ఆ రోజు నందిగామలో పరీక్ష. చేతిలో ఒక బట్టల సంచి, చంకలో దిండు.

ఆ దిండు లేకపోతే ఆమెకు స్టీరింగు అవతల ఆకాశం తప్ప ఏమీ కనపడదు. పాత చీర చెంగుతో స్వయంగా కుట్టుకుంది. ఆవపువ్వు రంగు, చుట్టూ ముదురు ఎరుపు అంచు, లోపల దట్టంగా బూరుగు దూది, నాలుగు మూలలా నాలుగు నాడాలు. రోజూ వచ్చి సీటుకు కట్టుకునేది, దిగేటప్పుడు విప్పుకుని చంకలో పెట్టుకుని పోయేది.

"కరీమా, మందులు సరిగా వేసుకుంటున్నావా?" అంటూ ఆమె నాడాలు ముడేసింది.

"వేసుకుంటున్నానండి మేడమ్. మీరు పాసవ్వండి, చాలు. మా మాస్టారి పరువు మీ చేతుల్లో ఉంది."

"నా చేతుల్లో ఏముందమ్మా, అంతా మీ ఆయన కాళ్ళలోనే ఉంది" అంది టీచరు, తాళం తిప్పుతూ.

నందిగామ రోడ్డు మీద ఆమె నలభై దాటలేదు. టోలుగేటు దగ్గర ఒకసారి బండి ఆగిపోయింది. వెనక లారీవాడు హారను కొడితే ఆమె కిటికీలోంచి తల బయటపెట్టి "నాన్నా, ఒక్క నిమిషం" అంది. వాడు నిజంగానే నోరు మూసుకున్నాడు. చిల్లకల్లు అడ్డరోడ్డు దగ్గరకు వచ్చేసరికి కారు ఎవరో వెనక్కి పట్టి లాగినట్టు నెమ్మదించింది.

"బాషాగారూ, మీ కాలు."

"ఏంటి మేడమ్?"

"బ్రేకు మీద ఉందండి."

"అలవాటండి."

"టోలుగేటు దగ్గర లేదు, బస్టాండు దగ్గర లేదు. రోజూ ఇక్కడే ఉంటోంది."

అతను కాలు తీశాడు. అడ్డరోడ్డు దాటేదాకా తన బూట్ల వంకే చూసుకున్నాడు.

పరీక్ష జరిగే మైదానంలో సున్నంతో ఎనిమిది అంకె గీసి ఉంది. బ్రేక్ ఇన్‌స్పెక్టరు గొడుగు కింద అట్ట పట్టుకుని నిలబడ్డాడు. నందిగామలో ఇంకో స్కూలు నడిపే దేవరాజ్ తన నలుగురు స్టూడెంట్లతో ముందే వచ్చి ఉన్నాడు. నల్ల కళ్ళద్దాలు, మెడలో వెండి గొలుసు, నోట్లో ఎప్పుడూ సోంపు.

"మాస్టారూ, మీ క్యాండిడేటు కనపడట్లా. ఖాళీ బండి తిరుగుతున్నట్టుంది" అన్నాడు, ఆమె ట్రాక్ మీదకు వెళ్ళగానే.

"తల చూడమాక. చక్రాలు చూడు."

చక్రాలు సున్నం గీతను ముట్టుకోకుండా వెళ్ళాయి. వెనక్కి రమ్మంటే వచ్చింది. ఎత్తు మీద ఆపి మళ్ళీ తియ్యమంటే, బండి అరంగుళం కూడా వెనక్కి జారకుండా తీసింది. ఇన్‌స్పెక్టరు అట్ట మీద ఏదో రాసి, ఆమె పేరు పూర్తిగా చదవడానికి ఊపిరి తీసుకుని, పాస్ అన్నాడు. ఆమె చెంగుతో మొహం తుడుచుకుంటూ దిగింది. ఆ సంతోషంలో జాన్‌బాషా ఒక సంగతి మరిచిపోయాడు. కారు ట్రాక్ మొదట్లోనే అడ్డంగా ఉండిపోయింది.

"ఎవరయ్యా ఈ బండి? తీసి పక్కన పెట్టండి" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

జాన్‌బాషా నింపాదిగా వెళ్ళి, తలుపు తెరిచి, చెయ్యి లోపలికి పెట్టి, భుజం ఆనించాడు. దేవరాజ్ స్టూడెంట్లు ఇద్దరు పరుగున వచ్చి వెనక పట్టారు. "బ్యాటరీ వీకయ్యా" అన్నాడతను ఎవరూ అడక్కుండానే. బండిని ప్రహరీ దాకా తోసుకెళ్ళి, వేపచెట్టు నీడలో, ముక్కు గోడకు ఆనేలా ఆపారు. అప్పుడే కదా అది ఎనిమిది చుట్టి వచ్చిందని ఒకడికి అనుమానం వచ్చింది గాని దేవరాజ్ తల అడ్డంగా ఊపి వాణ్ణి ఆపాడు.

టీచరు దూరం నుంచి ఇదంతా చూస్తూ నిలబడింది. తర్వాత నెమ్మదిగా నడుచుకుంటూ వచ్చి కారు తాళం అతని చేతిలో పెట్టింది.

"ఒంటిగంటన్నరకు మైలవరం బస్సుందండి. నేను ఇటునుంచి అటే వెళ్తా."

జాన్‌బాషాకు ఒక్క క్షణం ఆ మాట ఎక్కలేదు.

"మరి బండి, మేడమ్?"

"మీ బండే కదండీ."

"అంటే... జగ్గయ్యపేట దాకా మీరే నడుపుతారనుకున్నా."

"నాకు నేర్పడం అయిపోయింది బాషాగారూ. ఇప్పుడే సారు పాస్ అన్నారు." ఆమె సంచి భుజానికి తగిలించుకుంది. ఆటో కోసం చెయ్యి ఎత్తి, మళ్ళీ దించింది. "పాఠం రాని పిల్లాడు క్లాసులో ఏం చేస్తాడో తెలుసా? పెన్సిలు చెక్కుతాడు. రానంతసేపూ చెక్కుతూనే ఉంటాడు. తిట్టి లాభం లేదు. పెన్సిలు అయిపోవాలి, అంతే. మీరు తుడిచి తుడిచి ఆ అద్దం అరిగిపోయిందండి."

అతని చెయ్యి జేబులో పసుపు గుడ్డ మీదే ఉంది. బయటకు తియ్యలేదు.

"మా ఇంటి అడ్రసు కరీమాకి ఇచ్చా. ఇద్దరూ రండి. మూర్తిగారు బాగా మాట్లాడతారు, చూపు సరిగా లేకపోయినా." ఆటో వచ్చింది. ఆమె ఎక్కింది. ఆటో మైదానం గేటు దాటి, బస్టాండు వైపు తిరిగి, కనపడకుండా పోయింది. ఎనిమిది వారాల పాటు రోజూ పక్కన కూచున్న మనిషి వెళ్ళిపోవడానికి అర నిమిషం పట్టింది.

జాన్‌బాషా వెళ్ళి ఎడమ సీటులో కూచున్నాడు.

పన్నెండున్నర అయింది. మైదానం ఖాళీ అవుతోంది. దేవరాజ్ వెళ్తూ వెళ్తూ కిటికీ దగ్గర ఆగాడు. "ఆరింటికి మావాణ్ణి ఒకణ్ణి పంపిస్తా మాస్టారూ. బండి మీ ఊళ్ళో దింపి వస్తాడు. ఈలోగా మా ఇంటికొచ్చి పడుకోండి" అన్నాడు. మంచి మనిషి. ఆ మాట కూడా గోడ వంక చూస్తూ అన్నాడు, ఎదుటి మనిషికి సిగ్గు అనిపించకుండా. జాన్‌బాషా సరే అన్నాడు. పడుకోవడానికి మాత్రం వెళ్ళలేదు. బాక్సు విప్పాడు. అన్నం, గోంగూర, ఉడికించిన గుడ్డు. రెండు ముద్దలు తిన్నాక ఫోను మోగింది.

"మేడమ్ పాసైందా?" అంది కరీమాబీ.

"అయింది."

"ఎక్కడున్నావు?"

"నందిగామలోనే. మేడమ్ మైలవరం వెళ్ళిపోయింది."

బండి ఎవరు తెస్తారని అడుగుతుందని ఎదురుచూశాడు. దేవరాజ్ మనిషి సంగతి నాలుక మీద సిద్ధంగా పెట్టుకున్నాడు.

"సరే. అన్నం తిని రా" అంది. పెట్టేసింది.

అతను బాక్సు మొత్తం తిన్నాడు. చెయ్యి కడుక్కున్నాడు. దిగి, కారు ముందు నుంచి చుట్టూ తిరిగి కుడి తలుపు దగ్గరకు వచ్చాడు. సీటు మీద ఆవపువ్వు రంగు దిండు ఉంది. టీచరు విప్పుకోవడం మరిచిపోయింది. విప్పబోయాడు. ఎనిమిది వారాల్లో ఎప్పుడూ పడనంత గట్టి ముళ్ళు. గోళ్ళు నొప్పి పుట్టాయి గాని ఒక్కటీ ఊడలేదు. చివరికి దాని మీదే కూచున్నాడు. తల పైకప్పుకు తగిలింది. మెడ వంచాల్సి వచ్చింది. మోకాళ్ళు స్టీరింగుకు రెండు పక్కలా లేచి నిలబడ్డాయి.

అయితే ఒకటి జరిగింది. ఆ నాలుగంగుళాల ఎత్తు నుంచి బానెట్ అంతా కనిపించింది, దాని ముందు నేల కూడా కనిపించింది. పదమూడు నెలలుగా కళ్ళు మూసుకుంటే కనపడే అద్దం కాదు ఇది. వేరే అద్దం, వేరే ఎత్తు. ఎవరిదో బండిలో కూచున్నట్టుంది.

తాళం తిప్పాడు. అప్పుడు గుర్తొచ్చింది, ముందు గోడ ఉంది. బయటపడాలంటే రివర్సే దారి.

ఇక్కడ ఒక సంగతి ఒప్పుకుంటే మంచిది. వెనక గేరులో నందిగామ వచ్చాడన్నది సాంబయ్య కొట్టులో పెరిగిన మాట. ఆ రోజు గేర్లు పడకపోవడం నిజం, రివర్సులో నడపడం నిజం. నడిపింది మాత్రం పెట్రోలు బంకు నుంచి టీ కొట్టు దాకా, రెండు ఫర్లాంగులు. ఆదివారం మధ్యాహ్నం, రోడ్డు మీద పిట్ట లేదు. ఎదురొచ్చి పక్కకు తప్పుకున్నది బస్సు కాదు, పుల్లఐసు బండి. చెప్పినవాడల్లా తలా ఒక మైలు కలిపాడు. నందిగామ దగ్గర ఆపేశాం కాబట్టి సరిపోయింది, లేకపోతే ఈపాటికి బెజవాడ వారధి దాటేసేది.

అయినా ఆ రెండు ఫర్లాంగుల మనిషికే ఆ పూట ఇరవై గజాలు వెనక్కి రావడానికి పావుగంట పట్టింది. మూడుసార్లు ఇంజను ఆగిపోయింది. మూడోసారి అతని నోటి నుంచి పాఠం దానంతట అదే వచ్చింది.

"క్లచ్ మెల్లగా వదులు. మెల్లగా అంటే మెల్లగా, బాబూ. నీ వెనక ఎవరూ తరమట్లేదు."

ఎడమ సీటు వంక చూశాడు. ఎవరూ లేరు. ఊళ్ళో సగంమందికి పక్కన తను ఉన్నాడు. తనకు పక్కన ఖాళీ సీటు, దాని ముందు తొక్కేవాడు లేని బ్రేకు. "అద్దం చూడు" అని మళ్ళీ చెప్పుకున్నాడు. చూశాడు. "చూశావా?" "చూశానండి." ఇలా తనే మాస్టారై, తనే స్టూడెంటై, ఒకడు కసురుతుంటే ఇంకొకడు తల ఊపుతూ, కారు మైదానం గేటు దాటి రోడ్డెక్కింది.

అంబారుపేట దాకా మొదటి గేరూ రెండో గేరూ తప్ప వెయ్యలేదు. లారీలు హారన్లు కొట్టుకుంటూ దాటిపోయాయి. మోపెడ్ మీద కూరగాయల గంప పెట్టుకున్న మనిషి దాటాడు. ఎల్ బోర్డు చూసి ఒకడు "నేర్చుకోవాలి తాతా, వయసుతో పనేముంది" అని ధైర్యం చెప్పి మరీ వెళ్ళాడు. జాన్‌బాషా నవ్వాడు. నవ్వు వచ్చినందుకు ఆశ్చర్యపోయాడు. నవ్వినప్పుడు తల పైకప్పుకు కొట్టుకుంది. మూడో గేరు వేశాడు. అరచేతులు తడిసి స్టీరింగు జారుతుంటే ఒక్కొక్కటే ప్యాంటుకు తుడుచుకున్నాడు. జేబులో గుడ్డ ఉన్న సంగతి గుర్తు రాలేదు.

చిల్లకల్లు అడ్డరోడ్డు దూరం నుంచే కనపడింది. ఆగకుండా, చూపు పక్కకు తిప్పకుండా దాటాడు. అంతే.

మూడున్నరకు జగ్గయ్యపేటలో సాంబయ్య గ్లాసులు కడుగుతున్నాడు. సందులోకి తిరిగిన కారు షెడ్డు ముందు ఆగుతుందని, చేతులు తుడుచుకుని తొయ్యడానికి లేచాడు. కారు ఆగలేదు. గడప ఎక్కి, ఒక్కసారి దగ్గి, షెడ్డులోపలికి వెళ్ళి ఆగింది. సాంబయ్య లేచినవాడు లేచినట్టే నిలబడి, కాసేపటికి మళ్ళీ గ్లాసులు కడుక్కున్నాడు. ఆ సాయంత్రం మాస్టారికి పంపిన టీలో అల్లం ఎక్కువేశాడు.

ఇంజను చప్పుడు షెడ్డు గోడ దాటి వంటింట్లో వినపడడం కరీమాబీకి పదమూడు నెలల్లో అదే మొదలు. కర్ర ఊతంతో గడప దాకా వచ్చింది. అతను మెడ రుద్దుకుంటూ వస్తున్నాడు. అరచేతులు నల్లగా ఉన్నాయి. చొక్కా కుడి భుజం మీద మట్టి మరక.

"తిన్నావా?" అంది.

"తిన్నా. గోంగూరలో ఉప్పు తగ్గింది."

"చొక్కా విప్పు, ఉతుకుతా" అంది. అలా అంటూ ఆ భుజాన్ని కొంచెంసేపు పట్టుకుని ఉంది.

శుక్రవారం ఉదయం ఎల్ బోర్డులకు మల్లెపూల దండలు చుట్టి కనపడకుండా చేశారు. జాన్‌బాషా వెనక తలుపు తెరిచి పట్టుకున్నాడు. కరీమాబీ దాని వంక చూడలేదు. ముందు తలుపు తనే తీసుకుని, చెడ్డ కాలు రెండు చేతులతో లోపలికి ఎత్తిపెట్టుకుని, మాస్టారి సీటులో కూచుంది.

"అది బ్రేకు. ముట్టుకోమాక" అన్నాడతను.

"నా మంచి కాలు మంచిగానే ఉంది. నువ్వు రోడ్డు చూడు."

నందిగామ దాకా ఎన్నిసార్లు తొక్కిందో ఆమె చెప్పదు. పెళ్ళివారింటి ముందు దిగేసరికి అతని నెత్తి మీద చిన్న బొప్పి కట్టి ఉందని మాత్రం అనీసా అందరికీ చెప్పింది. దారిలో చిల్లకల్లు దగ్గర కరీమాబీ కొంగుముడి విప్పి, వక్కపొడి తీసి, అడక్కముందే అతని నోట్లో వేసింది. అతను రోడ్డు మీంచి కళ్ళు తియ్యకుండా నోరు తెరిచాడు.

ఇక ఇందులో నేను కల్పించినది చెప్పేస్తే నా బరువు దిగుతుంది. మంగళవారం అతను అడ్డరోడ్డును ఆగకుండా దాటాడని రాశాను. అది అబద్ధం. ఆగాడు. బండి అంచుకు తీసి, ఇంజను ఆపి, దిగాడు. తలుపు తెరిచి, చెయ్యి లోపలికి పెట్టి, భుజం ఆనించి, మిట్టమధ్యాహ్నపు ఎండలో ఆ నూరు గజాలూ తోసుకుంటూ దాటించాడు. దాటాక మళ్ళీ ఎక్కి కూచుని ఇంటిదాకా నడుపుకుంటూ వచ్చాడు. భుజం మీద మట్టి మరక అక్కడిదే. నాకు ఈ సంగతి చెప్పింది అతనే, ఎవరికీ చెప్పొద్దంటూ. శుక్రవారం ఆగలేదన్నది మాత్రం నిజం, దానికి కరీమాబీ సాక్ష్యం.

దిండు సంగతి కూడా నిజమే. టీచరుగారు ఫోను చేసి, అది ఉంచుకోండి, నేను ఇంకోటి కుట్టుకున్నా అందట. పొడుగు స్టూడెంట్లు తల తగులుతోంది తియ్యమంటే, ముడి రావడం లేదంటాడు జాన్‌బాషా. ఆవపువ్వు రంగు మధ్యలో వెలిసి, ఎరుపు అంచు ఒక పక్క చిట్లి, కొంచెం బూరుగు దూది బయటకు తొంగిచూస్తూ అది ఆ సీటు మీదే ఉంది. నాలుగు మూలలా ఆమె వేసిన ముళ్ళు వేసినట్టే ఉన్నాయి.